రెండు చువ్వలు

పాఠ్యభాగ నేపథ్యం

చోటు చాలినంత ఉన్నప్పుడు వస్తువులను వరుసలో పెట్టడం ఎవరికైనా సులభమే. చోటు లేనప్పుడు, చేతికి పైనున్న వస్తువు ఒక్కటే అందుతున్నప్పుడు, పక్కన మరొక్క దొంతరకు మాత్రమే వీలున్నప్పుడు ఆ పని సాధ్యమా? సాధ్యమైతే దానికి చెల్లించవలసిన మూల్యమెంత? కంప్యూటర్ విద్యలో తొలిమెట్టున ఉన్నవారికి ఇచ్చే ఈ అభ్యాసాన్ని, నార్కట్‌పల్లి ప్రాంతంలో రచయిత కళ్లారా చూసిన ఒక చిన్న సంఘటన ఆధారంగా ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి ఒక ముఖ్యమైన కూడలి. అద్దంకి దారి ఇక్కడే చీలుతుంది. అది నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణానదిని దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేటలను తాకుతూ అద్దంకి చేరుతుంది. ఈ దారిలో ఊరూరా సరుకు దించుతూ పోయే లారీని ఎప్పుడైనా గమనించారా? దానికి వెనుక తలుపు ఒక్కటే. కనుక అద్దంకికి పోవలసిన పెట్టెలు అన్నిటికంటె ముందు ఎక్కాలి, నల్లగొండలో దిగవలసినవి అన్నిటికంటె చివర ఎక్కాలి. చివర ఎక్కినది మొదట దిగుతుంది. హమాలీలు ఈ సంగతి ఏ గ్రంథంలోనూ చదువుకోలేదు. కాని ఒక్కసారి పొరపాటు జరిగి నల్లగొండ పెట్టెలు లోపల పడితే, తొలి మజిలీలోనే లారీ అంతా ఖాళీ చేయవలసి వస్తుందని వారికి తెలుసు.

చివర చేరినది మొదట వెలువడే ఇట్టి అమరికను కంప్యూటర్ శాస్త్రజ్ఞులు 'స్టాక్' అంటారు. మనకు దీనికొక చక్కని మాట ఉంది. పూర్వం మన ఇళ్లలో పప్పులు, పిండి, చింతపండు దాచుకొనే కుండలను ఒకదానిపై ఒకటి పేర్చి 'దొంతి' అనేవారు. అడుగు కుండలోని పప్పు కావాలంటే పైనున్న కుండలన్నీ దించాలి. దొంతి, దొంతర – ఈ రెండూ పండితులు కూర్చిన పదాలు కావు, వంటింటి పదాలు. ఈ పాఠంలో స్టాక్‌ను దొంతర అనే వ్యవహరిస్తాను.

దొంతరలలోకెల్లా నియమం తప్పనిది చీటీలు గుచ్చే ఇనుప చువ్వ. చెక్క పీట మీద నిలువుగా నాటిన సన్నని చువ్వకు దుకాణదారులు చీటీలు గుచ్చుతూ పోతారు. కాగితాల కట్టలో నడుమ నుండి ఒక కాగితం లాగవచ్చు. చువ్వ మీద అది కుదరదు. కింది చీటీని లాగితే చినుగుతుంది. పైచీటీ తీయడం, పైన మరొకటి గుచ్చడం – ఈ రెండు పనులు తప్ప మరొకటి చేయడానికి వీలులేదు.

2006లో నేను ఈ ప్రాంతంలోని ఒక కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. పబ్లిక్ పరీక్షల రుసుము కట్టవలసిన రోజులవి. అంకె వేసిన చీటీని రెండుగా చించి, సగం విద్యార్థికి ఇచ్చి, సగం చువ్వకు గుచ్చేవారు. చీటీ మీద అంకె, విద్యార్థి పేరు, గ్రూపు మాత్రమే ఉండేవి. గడువు చివరి రోజున లెక్క చూస్తే పెట్టెలో 40 మంది రుసుము ఉన్నది. పైకి పంపవలసిన జాబితాలో 39 పేర్లే ఉన్నాయి. ఎవరి డబ్బు లెక్కకు ఎక్కలేదో తెలియదు. జాబితా ఆ సాయంత్రమే పోవాలి. అందులో పేరు లేని విద్యార్థి ఆ ఏడు పరీక్షకు కూర్చోలేడు.

మధ్యాహ్నం ఒక గీత కార్మికుడు కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. చెరువుగట్టు దిక్కు పల్లె వారిది. “పైసలు కట్టిన సార్. రశీదు అంగి జేబుల్నే ఉండె, వానకు తడిసి ముద్దయింది. నా బిడ్డ పరీచ్చ రాయాలె” అన్నాడు. గుమాస్తా చువ్వ మీది చీటీలను పైనుంచి కొంత దూరం తిరగవేసి, ఆ అమ్మాయి పేరుగల చీటీ ఒకటి కనిపించగానే ఆగి, “ఈ పేరు జాబితాలో ఉన్నది కదా!” అన్నాడు. జాబితాలో ఆ పేరు ఉన్నమాట నిజమే. కాని దాని ఎదుట ఉన్న తండ్రి పేరు మరొకరిది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల ఆడపిల్లలు ఇద్దరున్నారేమోనన్న అనుమానం అప్పుడు కలిగింది.

ఈ అనుమానం తీరాలంటే 40 చీటీలనూ అంకెల వరుసలో పెట్టి, ఏదీ జారకుండా, ఏదీ రెండుసార్లు లెక్కకు రాకుండా జాబితాతో పోల్చిచూడాలి. అవేమో వరుసలో లేవు. ముందురోజు గాలివానకు చువ్వ పడిపోయి చీటీలు చెదిరితే, ఏరి, చేతికి వచ్చినట్లు మళ్లీ గుచ్చారు. ఆఫీసు గది కురుస్తున్నందున బల్ల వరండాలో ఉంది. అక్కడ విడిగా పెట్టిన కాగితం క్షణం నిలవదు. ఉన్నవి రెండు చువ్వలు. ఒకటి చీటీలతో నిండినది, ఒకటి ఖాళీది.

ఆ పనికి పూనుకున్నవాడు మా అటెండరు. ఎడమచేత చువ్వ పీటను అదిమిపట్టి, కుడిచేత ఒక్కొక్క చీటీ తీస్తూ, “మీదున్నదే ముట్టుకుంటా సార్, కిందిది గుంజితే చినుగుతది” అన్నాడు. ఆయన చేసిన పద్ధతిని నేను పక్కన నిలబడి చూశాను. అది పుస్తకాలలో ఉన్నదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తరువాత, ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడి నోటుపుస్తకం తిరగవేసినప్పుడు.

ఆ పద్ధతి ఇది. చీటీలున్నది మొదటి చువ్వ, ఖాళీది తోడు చువ్వ అనుకోండి. తోడు చువ్వ మీద ఎల్లవేళలా ఒక నియమం చెల్లాలి: కింద చిన్న అంకె, పైకి పోయినకొద్దీ పెద్ద అంకె. మొదటి చువ్వ పైచీటీని చేతిలోకి తీసుకోవాలి. తోడు చువ్వ పైన అంతకంటె పెద్ద అంకె ఉంటే, దానిని తీసి తిరిగి మొదటి చువ్వకే గుచ్చాలి. ఇంకా పెద్దది ఉంటే దానినీ అట్లే వెనుకకు పంపాలి. చేతిలోనిదానికంటె చిన్న అంకె కనిపించినప్పుడో, తోడు చువ్వ ఖాళీ అయినప్పుడో ఆగి, చేతిలోని చీటీని తోడు చువ్వకు గుచ్చాలి. మొదటి చువ్వ పూర్తిగా ఖాళీ అయ్యేవరకు ఇదే పని. చేతిలో ఎప్పుడూ ఒక్క చీటీయే ఉంటుందని గమనించండి. మొదట చూసినప్పుడు నాకు ఇది వృథాప్రయాసగా తోచింది. సరైన చోటికి చేరిన చీటీని మళ్లీ పాత గందరగోళంలోకి పంపడమేమిటి? కాని వెనుకకు పోయిన చీటీలు తమలో తాము వరుస చెడగొట్టుకోవు. అన్నిటికంటె పెద్దది ముందు పోయి అడుగున చేరుతుంది, చిన్నది పైన ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు చిన్నది ముందు వస్తుంది కనుక అడ్డులేకుండా తమ చోట్లలో కూర్చుంటాయి.

ఐదు చీటీలతో చేసి చూద్దాం. మొదటి చువ్వ మీద పైనుండి కిందికి 214, 211, 215, 212, 213 ఉన్నాయి. 214ను తీసి తోడు చువ్వకు గుచ్చాము. తరువాత చేతికి వచ్చినది 211. తోడు చువ్వ పైనున్న 214 దానికంటె పెద్దది కనుక వెనుకకు పోతుంది. 211 అడుగున చేరుతుంది. ఇప్పుడు 214 మళ్లీ వచ్చి దానిపైన కూర్చుంటుంది. ఆపైన 215. ఇంతవరకు సాఫీగానే సాగింది. చేతికి 212 వచ్చేసరికి 215, 214 రెండూ వరుసగా వెనుకకు పోవాలి. 212 తన చోట చేరాక 214, 215 తిరిగి వస్తాయి. చివరిది 213. మళ్లీ ఆ రెండింటికే ప్రయాణం తప్పదు. 213 చేరాక 214, 215 వచ్చి పైన నిలుస్తాయి. తోడు చువ్వ మీద అడుగున 211, పైన 215. చిన్న అంకె పైన ఉండాలి కనుక ఐదింటినీ ఒక్కొక్కటిగా మొదటి చువ్వకు మార్చితే 211 పైకి వస్తుంది. పని ముగిసింది.

ఎన్ని మార్పిడులు జరిగాయి? ఒక చువ్వ నుండి మరొక చువ్వకు చీటీ చేరడాన్ని ఒక మార్పిడి అనుకుంటే మొత్తం 20. ఈ సంఖ్యను ముందే చెప్పడానికి ఒక సులువు ఉంది. మొదటి చువ్వ మీద పెద్ద అంకె చిన్న అంకెకు పైన కూర్చున్న జంటలను లెక్కించండి. 214 కింద 211, 212, 213 ఉన్నాయి: మూడు జంటలు. 215 కింద 212, 213 ఉన్నాయి: రెండు. మొత్తం ఐదు. అట్టి ప్రతి జంట వల్ల పెద్ద అంకె ఒకసారి వెనుకకు పోయి ఒకసారి తిరిగి రావాలి, అంటే రెండు మార్పిడులు. వీటికి తోడు ప్రతి చీటీకి తప్పనివి రెండు: తోడు చువ్వకు పోవడం, చివరకు మొదటి చువ్వకు రావడం. కనుక చీటీల సంఖ్యకు రెట్టింపు, తలకిందుల జంటల సంఖ్యకు రెట్టింపు – ఈ రెండింటి మొత్తం. పదీ పదీ ఇరవై.

ఈ లెక్కతో మా చువ్వను కొలుద్దాం. 40 చీటీలు ముందే వరుసలో ఉంటే 80 మార్పిడులు చాలు. పెద్దది పైన, చిన్నది అడుగున ఉండి పూర్తిగా తలకిందులైతే జంటలు 780, మార్పిడులు 1,640. ఏ క్రమమూ లేక కలగాపులగమైతే సగటున అందులో సగం జంటలు, అనగా 860 మార్పిడులు. చీటీలు 80 అయితే పరమావధి 6,480కి పోతుంది. చీటీలు రెట్టింపైతే శ్రమ దాదాపు నాలుగింతలవుతుంది. దీనిని వర్గానుపాతమని గణితజ్ఞులు అంటారు. కొత్త చీటీలకు ఈ బాధ పట్టదు గాని, పదిసార్లు గుచ్చి తీసిన చీటీకి నడుమ రంధ్రం వెడల్పై అంచు దాకా చినుగుతుంది. పెద్ద అంకెల చీటీలే ఎక్కువ నలిగాయి. కారణం పై లెక్కలోనే ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం. రోజూ వచ్చిన చీటీ వచ్చినట్లు గుచ్చితే పాత అంకె అడుగున, కొత్త అంకె పైన ఉంటుంది. ఏ దుకాణంలోనైనా చువ్వ సహజస్థితి ఇదే. మన పద్ధతికి ఇదే అన్నిటికంటె క్లిష్టమైన స్థితి! అటువంటి చువ్వను చూడగానే, “దీనికేం, అన్నీ పక్క చువ్వకు మార్చితే చిన్నది పైకి వస్తుంది కదా” అని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. నలభై మార్పిడులతో తీరే పనికి పద్ధతి 1,640 చేయిస్తుంది. తప్పు పద్ధతిది కాదు. మనం దొంతరను పక్కనుండి నిలువునా చూడగలం. పద్ధతికి కనిపించేది పైచీటీ ఒక్కటే.

అసలు ఒకే చువ్వతో ఈ పని చేయలేమా? చేతిలో ఒకటి పట్టుకొని, చువ్వ మీది తరువాతి చీటీని పెట్టడానికి చోటే లేదు. తీసినదానిని తిరిగి గుచ్చడం తప్ప గతిలేదు. మరొక విధంగా, చీటీలను ఒక చువ్వ గుండా ఒక్కసారి మాత్రమే పోనిచ్చి అవతలకు తీస్తే? ఈ ప్రశ్నను అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ కనూత్ 1968లో వెలువరించిన తన గ్రంథం తొలి సంపుటంలో రైలుపెట్టెల ఉపమానంతో చర్చించాడు. ఒక కొస మూసుకుపోయిన పక్కపట్టాలలోకి పెట్టెలను మళ్లించి తీస్తే ఎన్ని క్రమాలు సాధ్యం? మూడు పెట్టెలకు ఆరు క్రమాలుంటే ఐదే సాధ్యం. నాలుగు పెట్టెలకు ఇరవై నాలుగింటిలో పద్నాలుగే. ఏ క్రమాన్నైనా సాధించాలంటే వెనుకకు పోయి రావడానికి వీలుండాలి. తోడు చువ్వ ఇచ్చేది ఆ వీలునే.

కంప్యూటర్‌లో దొంతరకు ఇంత ప్రాధాన్యమెందుకన్న సందేహం మీకు కలగవచ్చు. ఒక పని చేస్తుండగా నడుమ మరొక పని తగిలితే, మొదటిదానిని ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకొని, రెండవది ముగించి, తిరిగి అక్కడికే రావాలి. అట్టి గుర్తులను ఒకదానిపై ఒకటి పేర్చి, చివరిదానిని ముందు తీయడమే దొంతర. ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్ 1946 నాటి తన నివేదికలో ఈ రెండు క్రియలకు పూడ్చుట, తవ్వితీయుట అనే అర్థమిచ్చే మాటలు వాడాడు. రైతు పాతరలో ధాన్యం దాచిన తీరు గుర్తుకు వస్తుంది. 1957లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఫ్రీడ్‌రిష్ బావర్, క్లావ్స్ సామెల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ అమరికపై పేటెంటుకు దరఖాస్తు చేశారు. కంప్యూటర్ మీద రాస్తూ పొరపాటు చేసి 'అన్‌డూ' మీట నొక్కితే, చివరి మార్పు ముందు తొలగిపోవడం మీరెరిగినదే. అదీ దొంతర మహిమే. రెండు చువ్వల కూర్పును మాత్రం లక్షల సంఖ్యలను వరుసపెట్టడానికి ఎవరూ వాడరు. దానికి ఎంతో వేగవంతమైన పద్ధతులున్నాయి. చోటును కట్టడి చేసినప్పుడు బుద్ధి ఎట్లా పనిచేస్తుందో పరీక్షించడానికే దీనిని తరగతి గదుల్లోనూ, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ అడుగుతారు.

నా పరిశోధన ప్రాచీన కావ్యాల మీద కనుక తాళపత్రాలతో కొంత పరిచయముంది. తాటియాకులకు రంధ్రాలు చేసి, దారం గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కట్టేవారు. పత్రం అంచున తెలుగు అంకె ఉంటుంది. దారం తెగి పత్రాలు కలిసిపోయిన కట్టలు గ్రంథాలయాలలో తరచుగా ఎదురవుతాయి. చూడడానికి మా చువ్వ సమస్యే. పరిష్కారం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ ఎవరూ ఒక దారం నుండి మరొక దారానికి మార్చరు. పెద్ద బల్ల మీద శుభ్రమైన వస్త్రం పరిచి, ప్రతి పత్రానికి విడిగా ఒక చోటు కేటాయిస్తారు. నలభై పత్రాలుంటే నలభై సార్లు పెట్టడం, నలభై సార్లు తీయడం – ఎనభైతో సరి. వందల ఏళ్లనాటి పత్రం పెళుసుబారి ఉంటుంది. చేయి తగిలినప్పుడల్లా అంచు రాలుతుంది, అంచుతోపాటు అక్షరం రాలుతుంది. అక్కడ ఆదా చేయవలసింది చోటు కాదు, స్పర్శ. మా వరండాలో గాలి వల్ల చోటు కరువైంది. చీటీ రంధ్రం కొంత చినిగినా అంకె పోదు. అందుచేత అటెండరు చేసినది అక్కడికి తగిన పని.

ఆనాడు చీటీలు వరుసకు వచ్చేసరికి దాదాపు గంటన్నర పట్టింది. నడుమ ఒకసారి ఆయన పరధ్యానంలో పెద్ద అంకె మీద చిన్న అంకె గుచ్చి, నాలుగు చీటీల తరువాత గ్రహించి, అంతా విప్పి మళ్లీ చేశాడు. తరువాత నేను చీటీ తీసి అంకె, పేరు చదువుతుంటే గుమాస్తా జాబితాలో గుర్తుపెట్టాడు. 17వ చీటీ మీద ఆ అమ్మాయి పేరు వచ్చింది, గుర్తు పడింది. 31వ చీటీ మీద మళ్లీ అదే పేరు వచ్చింది. గ్రూపు కూడా ఒకటే. గుమాస్తా కలం ఆగింది. తండ్రి వరండా మెట్ల మీద నుండి లేచి నిలబడ్డాడు. అమ్మాయి మాత్రం, “మాది ముప్పై ఒకటే సార్, నేను చెప్తనే ఉన్న” అన్నది. ఆమె చెబుతూనే ఉన్నమాట వాస్తవం. తడిసిన రశీదు మీద ఆ అంకె చదివి గుర్తుంచుకున్నది ఆమె ఒక్కతే. పొద్దుటి నుండి ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జాబితాలో నలభయ్యవ పేరు తండ్రి పేరుతో సహా రాసి, సాయంత్రం బస్సుకు మనిషిని పంపించాము.

అభ్యాసం

1. ఒక చువ్వ మీద పైనుండి కిందికి 8, 3, 6, 1 అనే చీటీలున్నాయి. పాఠంలోని పద్ధతి ప్రకారం వాటిని వరుసలో పెడుతూ, ప్రతి మార్పిడి తరువాత రెండు చువ్వల స్థితిని రాయండి. తలకిందుల జంటలను ముందే లెక్కించి మీ మార్పిడుల సంఖ్యతో సరిచూడండి.

2. తాళపత్రాలను వరుసపెట్టే పద్ధతికి, చువ్వ మీది చీటీలను వరుసపెట్టే పద్ధతికి గల భేదాన్ని కారణాలతో వివరించండి.

3. 'దొంతి', 'పాతర' వంటి ఇంటి, పొలం పదాలను మీ పెద్దలను అడిగి సేకరించండి. వాటిలో ఏవి శాస్త్ర విషయాలు చెప్పడానికి పనికివస్తాయో తరగతిలో చర్చించండి.

4. ఆ అమ్మాయి మాటను మొదటే విని ఉంటే చీటీలను వరుసపెట్టే అవసరం ఉండేదా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.